ఏ గ్రైండర్ కాఫీ పొడి మేలు? ఇంట్లోనే కొలిచి తేల్చుకునే పద్ధతి

"మిక్సీలో పట్టిన కాఫీ పొడికీ బర్ గ్రైండర్ పొడికీ నిజంగా తేడా ఉంటుందా? చేత్తో తిప్పేది చాలా, కరెంటుది కొనాలా?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. బర్ గ్రైండర్ అంటే రెండు పళ్ళ చక్రాల మధ్య గింజను నలిపేది. జవాబు ఒకరు చెబితే వినేకన్నా మీ వంటింట్లో మీరే కొలిచి చూసుకోవడం మంచిది. పెద్ద సామాన్లేమీ అక్కర్లేదు. రెండు జల్లెడలు, ఒక చిన్న తూకం, ఒక ఆదివారం పూట ఉంటే పని అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. గ్రైండర్ ఎంత మెత్తగా పట్టిందో చూసి దాని నాణ్యత చెప్పలేం. మెత్తదనం సెట్టింగ్ చేతిలో ఉంటుంది. పొడి ఎంత సమంగా వచ్చిందన్నదే గ్రైండర్ పనితనం. ఏ గ్రైండర్ పొడి తీసుకున్నా అందులో మూడు రకాలు ఉంటాయి. సరిగా నలగని పెద్ద ముక్కలు, మనకు కావలసిన సైజు పలుకులు, మరీ మెత్తబడిపోయిన దుమ్ము. ఈ వ్యాసంలో వాటిని నూక, రవ్వ, పిండి అని పిలుస్తాను. మంచి గ్రైండర్ అంటే రవ్వ ఎక్కువ, మిగతా రెండూ తక్కువ. పిండి బొత్తిగా లేకుండా పట్టే గ్రైండర్ మాత్రం ఎక్కడా లేదు. వేయించిన గింజ పెళుసుగా ఉంటుంది కాబట్టి పగిలినప్పుడల్లా కొంత దుమ్ము రాలక తప్పదు.

## 1. ముందు ఏ కాఫీ కోసమో తేల్చుకోండి

ఫిల్టర్ డికాషన్‌కి బాగా పనిచేసే గ్రైండర్ ఫ్రెంచ్ ప్రెస్‌కి పనికిరాకపోవచ్చు (ఇది పొడిని వేడి నీళ్ళలో నానబెట్టి, జాలీతో కిందకు నొక్కే పాత్ర). చవకరకం చేతి గ్రైండర్లలో ఇది మరీ కనిపిస్తుంది. మెత్తగా పట్టేటప్పుడు ఫరవాలేదనిపించి, బరకగా పట్టమంటే చేతులెత్తేస్తాయి. అందుకని మీరు రోజూ ఇంట్లో తాగే కాఫీ ఏదో దానికే పరీక్ష పెట్టండి.

జల్లెడల ఎంపిక కూడా దీన్నిబట్టే ఉంటుంది. జల్లెడ మీద ఉండే మెష్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది.

- స్టీలు ఫిల్టర్ డికాషన్, మోకా పాట్ (పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే పాత్ర): 30 మెష్, 60 మెష్ (సుమారు 600, 250 మైక్రాన్లు)
- పేపర్ ఫిల్టర్ పోర్ ఓవర్ (పొడి మీద వేడి నీళ్ళు పోస్తూ కాగితం గుండా దించేది): 20 మెష్, 40 మెష్ (సుమారు 850, 425 మైక్రాన్లు)
- ఫ్రెంచ్ ప్రెస్: 16 మెష్, 30 మెష్ (సుమారు 1180, 600 మైక్రాన్లు)

1000 మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. బజార్లో దొరికే జల్లెడల్లో తీగ మందాన్నిబట్టి రంధ్రం కొంచెం అటూఇటూ అవుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. అన్ని గ్రైండర్లకూ అవే రెండు జల్లెడలు వాడుతున్నంతసేపూ పోలిక చెడదు. నంబరున్న జల్లెడ దొరక్కపోతే ఒక టీ వడపోత, ఒక మైదా జల్లెడతో కూడా పని జరుగుతుంది. కాకపోతే ఆ అంకెలు మీ ఇంటి వరకే, వేరేవాళ్ళ అంకెలతో పోల్చలేరు.

ఎస్ప్రెస్సో (యంత్రంలో ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ) సంగతి ఇక్కడ పట్టుకోవడం లేదు. అంత మెత్తటి పొడి ఉండలు కడుతుంది, వంటింటి జల్లెడలకు లొంగదు. అక్కడ ఒక్కో చిన్న కప్పు (షాట్) దిగే సమయమే కొలబద్ద.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

- 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం
- రెండు జల్లెడలు, వాటి కింద పట్టే వెడల్పాటి పళ్ళెం, పైన మూయడానికి ఒక మూత
- మెత్తటి పొడి బ్రష్ (కొత్త పెయింటింగ్ బ్రష్ చాలు)
- తెల్ల కాగితాలు, మిల్లీమీటర్లు ఉన్న స్కేలు
- స్టాప్‌వాచ్, అంటే మీ ఫోనే
- ఒక్కో గ్రైండరుకు సుమారు 150 గ్రాముల గింజలు
- రాసుకోవడానికి ఒక నోటుబుక్కు (నాలుగో సెట్టింగ్ దాకా వెళ్ళేసరికి మొదటిది గుర్తుండదు)

150 గ్రాములు ఎందుకంటే, సెట్టింగ్ కుదిర్చే సరికి మూడుసార్లు 20 గ్రాములు పోతాయి. జల్లెడ పరీక్షకు రెండుసార్లు, రుచికి రెండుసార్లు, పాత పొడి పోయేలా ముందు ఒకసారి తిప్పడానికి 10 గ్రాములు. జల్లించిన పొడి పారేయకండి. మళ్ళీ కలిపి మర్నాడు పొద్దున డికాషన్ వేసుకోవచ్చు.

## 3. గింజలు: అన్నీ ఒకే సంచిలోవి

ఒకే సంచి, ఒకే వేయింపు, ఒకే రోజు. ఇది తప్పితే మిగతా కష్టమంతా వృథా.

మధ్యస్థంగా వేయించిన అరబికా అయితే మేలు. అరకు గింజలు దొరికితే అవే తీసుకోండి. బాగా నల్లగా వేయించిన గింజ మరీ పెళుసుగా ఉండి ఏ గ్రైండర్లోనైనా పిండి ఎక్కువ రాలుస్తుంది. పైగా దాని మీద తేలే నూనె జల్లెడకు అంటుకుంటుంది. తక్కువ వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, చేతి గ్రైండరుకు బరువు. పీబెర్రీ (కాయలో రెండుకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగిన గింజ), మామూలు గింజ కలిపిన సంచి వద్దు.

వేయించి వారం దాటి, మూడు వారాలు దాటని గింజలు తీసుకోండి. పళ్ళెంలో పరిచి రాళ్ళు, పుల్లలు ఏరండి. బర్ పళ్ళు విరగడానికి ఒక్క చిన్న రాయి చాలు.

చికోరీ కలిపిన పొడితో ఈ పరీక్ష కుదరదు. చికోరీ గాలిలో తేమ లాక్కుని జిగురవుతుంది, బర్ల మధ్య పేరుకుంటుంది. చికోరీ కావాలనుకునేవాళ్ళు కాఫీ పట్టాక విడిగా కలుపుకోండి.

గింజల వేడి కూడా ఒకటే ఉండాలి. చల్లటి గింజ ఇంకా మెత్తగా, ఇంకా సమంగా నలుగుతుందని 2016లో అచ్చయిన ఒక పరిశోధన చూపించింది. ఒకదానికి ఫ్రిజ్‌లోంచి తీసిన గింజలు, ఇంకోదానికి మే నెల వంటింట్లో వేడెక్కిన గింజలు వేస్తే మీరు పోల్చేది గ్రైండర్లను కాదు.

## 4. గ్రైండర్లను ఒక దారికి తేవడం

బర్ గ్రైండర్ పని తిరగలి పనే. రెండు పళ్ళ చక్రాల మధ్య సందు ఎంతుందో గింజ అంతకు నలిగాకే కిందకు జారుతుంది. మిక్సీలో సందు అంటూ లేదు. నిమిషానికి 18 వేల నుంచి 20 వేల చుట్లు తిరిగే బ్లేడు ఎదురొచ్చిన దాన్నల్లా కొడుతుంది, అప్పటికే పొడైపోయిన దాన్ని కూడా. అందుకే ఒకే జారులో నూకా ఉంటుంది, పిండీ ఉంటుంది.

బర్ గ్రైండరుకు:

1. బర్ విప్పి పొడి బ్రష్‌తో పాత పొడి దులపండి. నీళ్ళు తగలనివ్వకండి, స్టీలు బర్ తుప్పు పడుతుంది.
2. సున్నా పట్టుకోండి. గింజలు లేకుండా, రెండు బర్లు ఒకదానికొకటి తగిలి హ్యాండిల్ తేలిగ్గా తిరగని దాకా బిగించండి. అక్కడి నుంచి వదులు చేస్తూ క్లిక్కులు (సెట్టింగ్ ఒక్కో మెట్టు జరిగినప్పుడు వచ్చే టిక్కు చప్పుళ్ళు) లెక్కపెట్టండి. కరెంటు గ్రైండరైతే కంపెనీ చెప్పిన పద్ధతిలోనే చూడాలి, మోటారు ఆపి ఉన్నప్పుడు బలవంతంగా బిగించకూడదు.
3. ఊగుడు చూడండి. చేతి గ్రైండర్‌ని తలకిందులుగా పట్టుకుని, లోపలి బర్‌ని వేలితో పక్కకు నెట్టండి. కంటికి కనిపించేంత కదిలితే ఆ గ్రైండర్ బరక పొడి సమంగా రాదని ముందే రాసి పెట్టుకోవచ్చు. ఇరుసుని పై నుంచి మాత్రమే పట్టి ఉంచే చవకరకాల్లో ఇది మామూలు.
4. 10 గ్రాముల గింజలు వేసి తిప్పి ఆ పొడి పక్కన పెట్టండి. పాత పొడి తాలూకు మిగులంతా దాంతో వచ్చేస్తుంది.

మిక్సీకి: చిన్న చట్నీ జారు, పూర్తిగా పొడిగా ఉండాలి. మూత రబ్బరు వాసన చూడండి. అల్లం వెల్లుల్లి, గరం మసాలా వాసన ముందు పట్టుకునేది రబ్బరే. రుచి పరీక్ష దాకా వెళ్ళాలంటే కాఫీకి వేరే జారు ఉండటమే దారి.

## 5. నూక సమం చేయడం: అసలు కీలకం ఇదే

ఎక్కువ పోలికలు చెడేది ఇక్కడే. ఒక గ్రైండర్‌ని 18 క్లిక్కుల దగ్గర, ఇంకోదాన్ని 18 నంబరు దగ్గర పెట్టి పోలుస్తారు. ఆ రెండు 18లకూ ఏ సంబంధమూ లేదు. ఒక కంపెనీ క్లిక్కు ఇంకో కంపెనీ క్లిక్కంత ఉండదు.

కాబట్టి ఒక కొసను అన్నిటికీ ఒకే చోట కట్టేద్దాం. పెద్ద రంధ్రాల జల్లెడ మీద మిగిలే నూక అన్ని గ్రైండర్లకూ ఒకటే ఉండాలి, 20 గ్రాములకు 2 గ్రాములు. అప్పుడు చిన్న జల్లెడ కిందకు దిగే పిండి ఎంతో చూస్తే తేడా దానంతటదే బయటపడుతుంది.

1. సుమారు సెట్టింగ్ దగ్గర 20 గ్రాములు పట్టండి.
2. పెద్ద రంధ్రాల జల్లెడతో మాత్రమే జల్లించండి. పైన మిగిలినది తూచండి.
3. 2 గ్రాముల కన్నా ఎక్కువ మిగిలితే ఒకటి రెండు క్లిక్కులు మెత్తగా, తక్కువ మిగిలితే బరకగా మార్చండి.
4. 1.8 నుంచి 2.2 మధ్యకు వస్తే చాలు. సెట్టింగ్ రాసుకోండి.
5. క్లిక్కుల మధ్య దూరం ఎక్కువున్న గ్రైండర్లో ఒకచోట 1.4, తర్వాతి చోట 2.9 రావచ్చు. అప్పుడు రెండు సెట్టింగులనూ పరీక్షించి రెండూ రాసుకోండి. అంత పెద్ద మెట్లుండటం కూడా ఆ గ్రైండర్ లోపాల్లో ఒకటిగా లెక్క వేసుకోవచ్చు.

మిక్సీకి సెట్టింగ్ లేదు కాబట్టి పల్స్‌ల లెక్కతో చేయాలి (పల్స్ అంటే కాసేపు తిప్పి వెంటనే ఆపడం). రెండు సెకన్ల పల్స్, జారు తీసి ఒకసారి కుదుపు, మళ్ళీ పల్స్. నాలుగు పల్స్‌లతో మొదలుపెట్టి, నూక 2 గ్రాములకు దిగే దాకా ప్రతిసారీ కొత్త గింజలతో ఒక్కో పల్స్ పెంచండి. జల్లించిన పొడినే మళ్ళీ జారులో వేస్తే లెక్క చెడుతుంది.

## 6. మచ్చు తీయడం, జల్లించడం, తూచడం

వేసిన 20 గ్రాములూ జల్లిస్తే మచ్చు గొడవ లేదు. ఎక్కువ పట్టి అందులోంచి 20 తీసుకుంటున్నారంటే జాగ్రత్త పడాలి. డబ్బాని కుదిపితే పెద్ద పలుకులు పైకి తేలతాయి, పిండి అడుక్కు చేరుతుంది. చెంచాతో పైపైన తీసిన మచ్చు అబద్ధం చెబుతుంది. పొడినంతా కాగితం మీద కుప్పగా పోసి, కొంచెం అణిచి, నాలుగు భాగాలుగా గీసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసుకోండి. ఇంకా ఎక్కువుంటే మళ్ళీ అలాగే.

జల్లించే వరస:

1. వేసిన గింజల తూకం, వచ్చిన పొడి తూకం రెండూ రాయండి. తేడా గ్రైండర్ లోపల ఇరుక్కున్నట్టు. 20 వేస్తే 19 కన్నా తక్కువ వచ్చిందంటే గ్రైండర్‌ని తట్టి, బ్రష్ చేసి ఆ మిగులును కూడా కలపండి. లోపల ఇరుక్కునేది ఎక్కువగా పిండే కాబట్టి దాన్ని వదిలేస్తే ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.
2. పెద్ద జల్లెడ పైన, చిన్న జల్లెడ కింద, అడుగున పళ్ళెం. జల్లెడలు ఒకదానిలో ఒకటి కూర్చోకపోతే ఒక్కొక్కటిగా చేయండి.
3. మూత పెట్టి రెండు నిమిషాలు అడ్డంగా గుండ్రంగా తిప్పండి. పావు నిమిషానికోసారి అంచు మీద తట్టండి.
4. చేత్తోగానీ చెంచాతోగానీ రుద్దకండి. రుద్దితే రవ్వ కూడా బలవంతంగా దిగిపోతుంది. జల్లెడ అడుగు వైపు బ్రష్‌తో తుడవచ్చు.
5. ఇంకో అర నిమిషం జల్లించండి. కొత్తగా దిగింది 0.1 గ్రాము లోపైతే ఆపేయవచ్చు, లేకపోతే ఇంకొంచెంసేపు.
6. నూక, రవ్వ, పిండి మూడూ తూచండి. మొత్తంలో 0.3 గ్రాముకు మించి తేడా వస్తే మళ్ళీ చేయాలి.

లెక్క ఎలా చూడాలో చెప్పడానికి ఊహించి వేసిన అంకెలివి. మిక్సీ పొడిలో నూక 2, రవ్వ 9.5, పిండి 8.5 గ్రాములు. బర్ పొడిలో నూక 2, రవ్వ 13.5, పిండి 4.5. నూక రెంటిలో సమానమే, అయినా మొదటిదానిలో దాదాపు రెట్టింపు పిండి. మీరు వెతకాల్సింది ఈ పిండి తేడానే. ప్రతి గ్రైండరుకూ రెండుసార్లు చేసి సగటు తీయండి. రెండు సార్ల మధ్య తేడా అర గ్రాము ఉండి, రెండు గ్రైండర్ల మధ్య తేడా కూడా అర గ్రామే అయితే అవి రెండూ ఒకటే అనుకోండి.

జల్లెడ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పిండిలో కొంత భాగం పెద్ద పలుకులకు అంటుకుని పైనే ఉండిపోతుంది. పొడి గాలి ఉన్న రోజుల్లో గ్రైండర్లో పుట్టే స్టాటిక్ (రాపిడి వల్ల వచ్చే విద్యుత్తు) వల్ల, విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో తేమ వల్ల. కాబట్టి పోల్చదలచుకున్న గ్రైండర్లన్నిటినీ ఒకే పూట పరీక్షించండి. స్టాటిక్ మరీ ఎక్కువగా ఉండి పొడి డబ్బా గోడలకు అంటుకుంటుంటే, చెంచా కాడను నీటిలో ముంచి, ఆ ఒక్క చుక్క తడితో గింజలు కలిపి అప్పుడు పట్టండి. నీరు స్టాటిక్‌ని తగ్గిస్తుందని 2023లో అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి చూపించారు. చుక్క వేస్తే అన్ని గ్రైండర్లకూ వేయాలి, ఒక్కదానికే వేస్తే పక్షపాతం.

## 7. కంటితో చూడటం

తూకం లేనివాళ్ళకు ఇది మొదటి మెట్టు, ఉన్నవాళ్ళకు సాక్ష్యం. తెల్ల కాగితం మీద చిటికెడు పొడి చల్లి, కాగితం అంచుని వేలితో తట్టి పలుకులు విడివిడిగా పడేలా చేయండి. పక్కన స్కేలు పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా ఫోనుతో దగ్గరగా ఫొటో తీయండి. అన్ని గ్రైండర్లకూ ఒకే ఎత్తు నుంచి తీయాలి.

మిక్సీ పొడిలో పగిలిన గాజు ముక్కల్లాంటి కోణాలు, అక్కడక్కడ సగం గింజంత నూక కనిపిస్తాయి. మంచి బర్ పొడిలో కన్ను ఏ ఒక్క పలుకు దగ్గరా ఆగదు. ఆ తర్వాత చిటికెడు పొడి రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. వేలి గీతల్లో గోధుమ రంగు దుమ్ము ఎంత మిగిలితే పిండి అంత. వెండి రంగులో మెరిసే పల్చటి పొట్టు మాత్రం గింజదే, గ్రైండర్ తప్పు కాదు.

## 8. రుచి పరీక్ష

ఇది రెండు విడతలుగా చేయాలి.

మొదటి విడత: అదే నూక సెట్టింగ్ దగ్గర. స్టీలు ఫిల్టరైతే 20 గ్రాముల పొడి వేసి, ఫిల్టర్‌ని రెండుసార్లు తట్టి చదును చేసి, లోపలి బిళ్ళ నొక్కకుండా పెట్టి, మరిగి దింపిన నీళ్ళు 120 మి.లీ. పోయండి. మొదటి చుక్క పడిన సమయం, ఆఖరి చుక్క సమయం రాయండి. పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీరు పట్టి ఉంచుతుంది కాబట్టి 80 మి.లీ. దాకా డికాషన్ దిగాలి. దానికి సమానంగా వేడి నీళ్ళు కలిపి, పాలూ పంచదారా లేకుండా తాగి చూడండి. పాలు పోస్తే సగం తేడాలు మునిగిపోతాయి.

రెండో విడత: దేనికది బాగా కుదిరిన సెట్టింగ్ దగ్గర. రోజూ మనం తాగేది అలాగే కదా. మొదటి విడతలో మరీ త్వరగా దిగిన దాన్ని ఇంకొంచెం మెత్తగా, దిగకుండా మొరాయించిన దాన్ని ఇంకొంచెం బరకగా మార్చి మళ్ళీ పోల్చండి.

నాలుకకు తెలిసే గుర్తులు:

- ఒకే గుక్కలో పులుపు, చేదు రెండూ విడివిడిగా తగిలితే: నూకలోంచి రుచి సరిగా దిగలేదు, పిండిలోంచి మితిమీరి దిగింది. సమంగా లేని పొడికి ఇదే అసలు గుర్తు.
- నాలుక మీద వగరు, పొడిబారినట్టు: పిండి ఎక్కువ.
- నీళ్ళనీళ్ళగా, పుల్లగా: పొడి బరకగా ఉంది. ఇది గ్రైండర్ లోపం కాకపోవచ్చు, ముందు సెట్టింగ్ మార్చి చూడండి.
- గ్లాసు అడుగున బురద: బిళ్ళ రంధ్రాల గుండా పిండి దిగింది.

ఏది ఏ గ్రైండర్‌దో తెలిసి తాగితే ఖరీదైనదే బాగుందనిపిస్తుంది, మనిషన్నాక అంతే. ఇంట్లో ఎవరినైనా మూడు గ్లాసులు పోయమనండి. రెంటిలో ఒకే గ్రైండర్ కాఫీ, మూడోదానిలో వేరేది. గుర్తు గ్లాసు అడుగున ఉంటుంది. వేరేది ఏదో మీరు చెప్పాలి. ఇలా ఆరుసార్లు ఆడితే కనీసం ఐదుసార్లు సరిగ్గా చెప్పగలగాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు తగులుతుంది కాబట్టి ఆరింటికి మూడు వచ్చాయంటే తేడా తెలిసినట్టు కాదు. నిజంగా తెలియలేదా? అంతకన్నా శుభవార్త ఏముంటుంది, డబ్బు మిగిలింది.

## 9. ఏ రకం నుంచి ఎంత ఆశించవచ్చు

మిక్సీ, చిన్న బ్లేడు గ్రైండర్. అమెరికాలో మనవాళ్ళు చవగ్గా కొనే గుండ్రటి కాఫీ గ్రైండర్ కూడా ఈ జాతిదే. పిండి ఎక్కువ, ఈరోజు వచ్చినట్టు రేపు రాదు. పాలు కలిపే ఫిల్టర్ కాఫీకి మాత్రం చెప్పుకున్నంత అన్యాయమేమీ కాదు. పేపర్ ఫిల్టర్లో పిండి అడ్డుపడి నీరు నిలిచిపోతుంది, ఫ్రెంచ్ ప్రెస్‌లో బురద తేలుతుంది. ఆ రెంటికీ వద్దు.

సిరామిక్ బర్ చేతి గ్రైండర్. హారియో మినీ మిల్ లాంటివి. మధ్యస్థం నుంచి మెత్తటి వరకు ఫరవాలేదు. బరకగా పెట్టేసరికి బర్ ఊగి నూకా పిండీ రెండూ పెరుగుతాయి. కింద పడితే సిరామిక్ పగిలే ప్రమాదం ఉంది.

స్టీలు బర్ చేతి గ్రైండర్. టైమ్‌మోర్, వన్‌జెడ్‌ప్రెస్సో, కమాండంటె లాంటివి. ఇరుసుకు బేరింగులుంటాయి, ఊగుడు చాలా తక్కువ. ఒకరిద్దరు తాగే ఇంటికి పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలం ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం. నలుగురైదుగురికి రోజుకు రెండుసార్లంటే మాత్రం చెయ్యి నొప్పి పుడుతుంది.

కరెంటు కోనికల్ (శంకు ఆకారపు) బర్. బరాట్జా ఎన్‌కోర్ లాంటివి. 40 మి.మీ. బర్, 40 సెట్టింగులు. మంచి స్టీలు చేతి గ్రైండర్ పొడితో పోలిస్తే పెద్ద తేడా ఉండదు, మీరు డబ్బు ఇస్తున్నది సుఖానికి.

ఫ్లాట్ (బల్లపరుపు చక్రాల) బర్. ఇంటికి 64 మి.మీ., కాఫీ షాపుల్లో మాల్‌కోనిగ్ ఈకే43 లాంటి వాటిలో 98 మి.మీ. బర్ కనిపిస్తుంది. రెండు బర్లూ సమాంతరంగా కూర్చుంటే రవ్వ చక్కగా వస్తుంది. ఒక పక్కకు వాలి ఉంటే అంత ఖరీదైన యంత్రమూ మామూలు పొడే ఇస్తుంది. నల్ల కాఫీ తాగేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు దీని జోలికి వెళ్ళక్కర్లేదు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

బర్ కొన్నాక డికాషన్ పలచనైపోయింది. ఎక్కువమంది అడిగేది ఇదే. మిక్సీ పొడిలోని పిండే ఇన్నాళ్ళూ ఫిల్టర్లో నీటిని ఆపి చిక్కదనం ఇచ్చింది. బర్ పొడిలో అది తగ్గి నీరు గబగబా దిగిపోతోంది. గ్రైండర్ బాగుంది, సెట్టింగ్ పాతది. రెండు మూడు క్లిక్కులు మెత్తగా పెట్టండి. చాలకపోతే ఇంకో రెండు గ్రాములు పొడి వేయండి.

కొత్త గ్రైండర్ మొదటిరోజే తీర్పు. కొత్త బర్ అంచులు కొంత వాడాక గానీ కుదురుకోవు. అర కిలో, కిలో గింజలు పట్టాక పరీక్ష పెట్టండి.

సెట్టింగ్ మార్చగానే వచ్చిన పొడిని కొలవడం. లోపల పాత సెట్టింగ్ పొడి ఉంటుంది. నాలుగైదు గ్రాములు పట్టి పక్కన పెట్టి, ఆ తర్వాతది తీసుకోండి.

కరెంటు గ్రైండర్లో గింజలున్నప్పుడు మోటారు ఆపి మెత్తగా బిగించడం. ఇరుక్కుని మోటారు మీద బరువు పడుతుంది. తిరుగుతున్నప్పుడే మెత్తవైపు తిప్పాలి.

శుభ్రం కోసం పచ్చి బియ్యం వేసి తిప్పడం. చాలా కంపెనీలు వద్దంటాయి. బియ్యం గింజ వేయించిన కాఫీ గింజకన్నా గట్టిది. విప్పి బ్రష్ చేయడమే సరైన పని, రోజూ వాడితే రెండు మూడు వారాలకోసారి.

## 11. మిక్సీయే ఉందంటే

కొత్తది కొనే ఉద్దేశం లేనివాళ్ళకు ఈ వరస. కారం జల్లించి, మిగిలింది మళ్ళీ పట్టే అలవాటున్న ఇంట్లో దీన్ని కొత్తగా నేర్పక్కర్లేదు.

1. ఒక వాయికి 30 నుంచి 40 గ్రాములే. జారు నింపితే పై గింజలు అలాగే ఉండి, అడుగున పిండి అవుతుంది.
2. రెండు సెకన్ల పల్స్ మూడు, ప్రతి పల్స్‌కూ మధ్య జారు కుదపండి.
3. ఆపి, 30 మెష్ జల్లెడతోగానీ టీ వడపోతతోగానీ జల్లించండి. దిగిన పొడి వెంటనే డబ్బాలోకి తీయండి. దానికి మళ్ళీ బ్లేడు తగలకూడదు, ఈ పద్ధతి గుట్టంతా ఇదే.
4. పైన మిగిలిన నూకను మళ్ళీ జారులో వేసి రెండు పల్స్‌లు. మళ్ళీ జల్లించండి.
5. ఇలా మూడుసార్లు తిప్పి జల్లించాక కూడా మిగిలిన కాస్త నూకను పక్కన పెట్టేయండి.
6. జారు అడుగు చేతికి వెచ్చగా తగిలితే ఐదు నిమిషాలు ఆగండి.

ఇలా చేసిన పొడిని పైన చెప్పిన జల్లెడ పరీక్షకు పెట్టి, ఆగకుండా ఒకేసారి తిప్పిన పొడితో పోల్చి చూడండి. పిండి ఎంత తగ్గిందో తూకమే చెబుతుంది.

## 12. కొట్లో పట్టించేవాళ్ళకు

కాఫీ పొడి కొట్టు యంత్రం పెద్దది, పొడి సాధారణంగా సమంగానే వస్తుంది. చిక్కల్లా ముందు వచ్చినవాళ్ళ పొడి లోపల మిగలడం, అందులో చికోరీ ఉండటం. రద్దీ లేని వేళ వెళ్ళి, ముందు మీ గింజలు గుప్పెడు పట్టించి ఆ పొడి వేరే పొట్లం కట్టమనండి. "ఫిల్టరుకి" అని మాత్రమే చెప్పకుండా, మీకు నచ్చిన పొడి చిన్న డబ్బాలో మచ్చుకి తీసుకెళ్ళి చూపించండి. మొదటిసారి 100 గ్రాములే పట్టించి, ఇంటికి తెచ్చి జల్లించి, నూక పిండి లెక్క చూసుకున్నాక కిలో సంగతి ఆలోచించవచ్చు.